గోల్ఫ్ జీటీఐకి కొత్త అల్లాయ్స్: ప్రాజెక్టు డైరీ

మొదలు

కారు ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, పర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్నది. అంటే ముందు బ్రేకు డిస్కులు 312 కాదు, 340 మిల్లీమీటర్లవి. ఈ ఒక్క సంగతే తర్వాత చాలా రిమ్ములను లిస్టులోంచి కొట్టేసింది కాబట్టి ముందే చెప్పేస్తున్నా. సస్పెన్షన్ కంపెనీదే, కిందికి దించలేదు, దించే ఉద్దేశం కూడా లేదు.

కంపెనీ అల్లాయ్స్ చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ ఒకదాని లోపలి అంచు గుంతలో పడి వంగింది, రిపేరు చేయించి బ్యాలెన్సింగ్ చేయించినా స్టీరింగ్‌లో సన్నటి వణుకు పోలేదు. పైగా టైరు తీసి తూకం వేస్తే ఒక్కో రిమ్ము పదకొండున్నర కిలోలకి అటూ ఇటూ ఉంది. ఎలాగూ ఒకటి మార్చాల్సిందే, నాలుగూ మార్చేస్తే పోలా అనిపించింది. కారు పిచ్చి ఉన్నవాళ్లకి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు కూడా.

నాకు కావలసింది ఇది: రిమ్ము తేలిగ్గా ఉండాలి, చక్రం ఫెండర్ అంచుకి ఇప్పటికంటే కొంచెం దగ్గరగా రావాలి, కానీ బయటికి పొడుచుకు రాకూడదు. నలుగురు ఎక్కినా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినా ఎక్కడా రాసుకోకూడదు. స్టీరింగ్ ఫీల్ ఇప్పుడున్నట్టే ఉండాలి. ఈ చివరి కోరిక గురించి అల్లాయ్స్ అమ్మేవాళ్లలో ఒక్కరు కూడా అడగలేదు. అందరూ అడిగింది "సార్, ఏ డిజైన్ కావాలి, ఏ కలర్ కావాలి?" అనే.

రిమ్ము వెనక రాసి ఉన్నది

కొత్తది వెతికే ముందు పాతదాని జాతకం తెలియాలి. చక్రం ఊడదీసి వెనక్కి తిప్పి మట్టి తుడిస్తే ఒక పుల్ల (స్పోక్) వెనక పోత పోసిన అక్షరాలు కనిపించాయి: 7.5జే×18 హెచ్2 ఈటీ49. రిమ్ము వెడల్పు ఏడున్నర అంగుళాలు, వ్యాసం 18 అంగుళాలు. జే అంటే టైరు అంచు కూర్చునే గట్టు ఆకారం. హెచ్2 అంటే టైరు పక్కకి జారి నడిమి గుంటలో పడిపోకుండా రెండువైపులా ఉండే చిన్న ఉబ్బులు. ఈటీ49 అంటే ఆఫ్‌సెట్, రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యగీత గీస్తే, హబ్‌కి (చక్రం బిగించే కారువైపు భాగానికి) ఆనుకునే ముఖం ఆ గీత నుంచి 49 మిల్లీమీటర్లు బయటివైపున ఉందని. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది, పెరిగేకొద్దీ లోపలికి పోతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా పట్టుకుంటారు.

రాసి ఉందని నమ్మేయకుండా కొలిచి కూడా చూశాను. రిమ్మును ముఖం కిందికి పెట్టి, వెనక అంచుల మీద అడ్డంగా ఒక స్టీలు స్కేలు వేసి, అక్కడి నుంచి హబ్‌కి ఆనుకునే ముఖం వరకు లోతు చూస్తే 157. రిమ్ము వెడల్పు టైరు కూర్చునే చోట ఏడున్నర అంగుళాలైనా గట్లతో కలిపి దాదాపు ఎనిమిదున్నర ఉంటుంది, అందులో సగం 108, దానికి 49 కలిపితే 157. లెక్క కుదిరింది. ఈ పద్ధతి గుర్తుంచుకోవడం మంచిది, సెకండ్ హ్యాండ్ రిమ్ముల మీద స్టిక్కర్లు ఊడిపోయి ఉంటాయి, అమ్మేవాడు చెప్పే ఆఫ్‌సెట్ అతని జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది.

బోల్టుల అమరిక 5×112, అంటే అయిదు రంధ్రాలు 112 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం మీద. హబ్ మధ్య గుండ్రం 57.1. బోల్టులు ఎం14×1.5. అయిదు రంధ్రాల రిమ్ములో ఎదురెదురు రంధ్రాలు ఉండవు కాబట్టి నేరుగా కొలవలేం. పక్కపక్క రంధ్రాల మధ్యలు కొలిస్తే 5×112కి 65.8 వస్తుంది, 5×114.3కి 67.2. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు కూడా లేదు, చేతి స్కేలుతో చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. ఒకటి వదిలి ఒకటి కొలిస్తే 106.5, 108.7 వస్తాయి, వర్నియర్‌తో అయితే ఇది తేలిక. "కొంచెం తేడా సార్, బిగిస్తే కూర్చుంటుంది" అనే మాట ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయడమే. బోల్టులు వంకరగా కూర్చుంటే బిగింపు ఉన్నట్టే ఉండి రోడ్డు మీద వదులవుతుంది.

కాగితం లెక్క

లిస్టులో మూడు మిగిలాయి: 18×8 ఈటీ45, 18×8.5 ఈటీ45, 18×8.5 ఈటీ35. మూడోది ఫొటోల్లో అదిరిపోతుంది. ఒక షాపులో దాన్నే అంటగట్టాలని గట్టిగా చూశారు, "అన్నా, ఇదే మోడల్ కారుకి వేశాం, బ్రహ్మాండంగా కూర్చుంది" అని. ఆ కారు కిందికి దించి ఉందా, ఏ టైరు వేశారు, ఫెండర్ అంచు మడిచారా అంటే సమాధానం లేదు.

లెక్క చాలా సులువు. వెడల్పు సగానికి ఆఫ్‌సెట్ కలిపితే హబ్ ముఖం నుంచి లోపలి అంచు ఎంత దూరమో వస్తుంది, సగంలోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే బయటి అంచు. నా పాత రిమ్ము వెడల్పు 190.5, సగం 95.25. లోపలికి 144.25, బయటికి 46.25. ఇప్పుడు 8 ఈటీ45 అయితే సగం 101.6, లోపలికి 146.6, బయటికి 56.6. అంటే లోపల రెండుంపావు మిల్లీమీటర్లు స్ట్రట్‌కి (చక్రం వెనక నిలువుగా ఉండే సస్పెన్షన్ గొట్టానికి) దగ్గరవుతుంది, బయట పదికి కాస్త ఎక్కువ వస్తుంది. 8.5 ఈటీ45 అయితే లోపల దాదాపు తొమ్మిది దగ్గరవుతుంది, బయట పదిహేడు వస్తుంది. 8.5 ఈటీ35 అయితే లోపల ఒక మిల్లీమీటరు వెనక్కి తగ్గుతుంది కానీ బయట ఇరవై ఏడు మిల్లీమీటర్లు పొడుచుకొస్తుంది.

ఇక్కడితో ఆగితే సగం లెక్కే. రాసుకునేది ఎక్కువగా టైరు, రిమ్ము కాదు. నా కారుది 225/40 టైరు, అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 40 శాతం. దాని ప్రామాణిక కొలత 8 అంగుళాల రిమ్ము మీద తీస్తారు, అక్కడ దాని అసలు వెడల్పు 230 దగ్గర ఉంటుంది. రిమ్ము అర అంగుళం మారితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు మారుతుంది, అంటే నా ఏడున్నర రిమ్ము మీద అది 225. అదే టైరు 8 ఈటీ45 మీదికి వెళ్తే ఒక్కోవైపు రెండున్నర ఉబ్బుతుంది, ఆఫ్‌సెట్ వల్ల మొత్తం నాలుగు బయటికి జరుగుతుంది. లెక్క తేలేదేమంటే, రిమ్ము లోపలి అంచు స్ట్రట్‌కి దగ్గరైనా టైరు లోపలి గోడ మాత్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు దూరం జరుగుతుంది. బయటివైపు రిమ్ము పది వచ్చినా టైరు ఆరున్నరే వస్తుంది. ఇది కాగితం మీద చూశాక నాకు ఆ సైజు మీద మనసు పడింది.

దీనికి ఒక ధర ఉంది. టైరు గోడ అంతకుముందు రిమ్ము అంచు కంటే బయటికి ఉబ్బి ఉండేది, ఇప్పుడు ఆ ఉబ్బు తగ్గింది. ఫుట్‌పాత్ గట్టుకి ఆనించి పార్క్ చేసే అలవాటున్నవాళ్లు రిమ్ము అంచు గీరుకోవడానికి సిద్ధపడాలి.

8.5 ఈటీ45 తీసుకుంటే టైరు కూడా 235/40కి మార్చాలని ఉంటుంది. దాని ప్రామాణిక రిమ్ము 8.5, అక్కడ వెడల్పు 241. పాత టైరుతో పోలిస్తే ఒక్కోవైపు ఎనిమిది పెరిగి నాలుగు బయటికి జరిగితే, లోపల నాలుగు దగ్గర, బయట పన్నెండు. ఎత్తు కూడా 637 నుంచి 645కి పెరుగుతుంది, శాతంలో చూస్తే ఒకటింపావు. స్పీడోమీటరుకి అది పెద్ద విషయం కాదు, మామూలుగా అది అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌కి మాత్రం పైవైపు పెరిగే సగం, అంటే నాలుగు మిల్లీమీటర్లు కూడా లెక్కే.

కారు దగ్గర కొలతలు

కాగితం ఒకటి చెబుతుంది, కారు ఇంకోటి చెబుతుంది. ఈ మోడల్‌లో ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, టైరు లోపలి గోడకి దగ్గరగా ఉండేది ఆ గొట్టం, దాని స్ప్రింగ్ కూర్చునే పళ్లెం. చక్రం నేల మీద ఉండగా, కారు బరువు పడి ఉండగా చెయ్యి దూర్చి చూస్తే ఇరుకైన చోట చూపుడు వేలు వెళ్తుంది, బొటనవేలు వెళ్లదు. అంతకంటే సరిగ్గా తెలియాలంటే పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే ముద్ద. దాన్ని స్ట్రట్‌కి అంటించి చక్రం బిగించి, నెమ్మదిగా తిప్పి, విప్పి చూస్తే మిగిలిన మందమే అక్కడున్న ఖాళీ. వర్నియర్‌తో ఆ ముద్దని కొలవడం నవ్వొచ్చే పనే, కానీ ఇంతకంటే నమ్మకమైనది నాకు దొరకలేదు. జాకీ మీద వేలాడుతున్న చక్రం దగ్గర కొలిస్తే మాత్రం ఆ కొలత చెల్లదు, సస్పెన్షన్ పూర్తిగా కిందికి సాగి ఉంటుంది.

బయటివైపు కొలతకి దారం, దాని చివర ఒక నట్టు. ఫెండర్ అంచు పైభాగం నుంచి దారం వదిలి, టైరు గోడకి ఎంత, రిమ్ము అంచుకి ఎంత అని చూడాలి. ముందు రిమ్ము అంచుకి ఇరవై మిల్లీమీటర్ల పైచిలుకు ఉంది, వెనక ఇంకాస్త ఎక్కువ. వెనక చక్రాలకి కాంబర్ ఎక్కువ, అంటే పైభాగం లోపలికి వాలి ఉంటుంది, కాబట్టి వెనక కొంచెం చోటు మిగులుతుంది. ఈ కొలతతో ఈటీ35 కథ ముగిసింది. ఇరవై చోటులో ఇరవై ఏడు పట్టదు. పట్టించాలంటే ఫెండర్ అంచు మడవాలి, లేదా కాంబర్ పెంచి టైరు లోపలి అంచు అరగదీసుకోవాలి. పైగా టైరు ట్రెడ్ ఫెండర్ కింద దాగి ఉండాలని చాలా దేశాల్లో నిబంధన ఉంది.

సస్పెన్షన్ ఎంత నొక్కుకుంటుందో చూడటానికి డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) కడ్డీకి ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి కిందికి తోసి పెట్టాను. వెనక ఇద్దరు, డిక్కీలో సామాను, స్పీడ్ బ్రేకర్లు, వంకర్లు అన్నీ అయ్యాక చూస్తే ఆ టై ఎక్కడ ఆగిందో అదే ఆ ప్రయాణంలో వచ్చిన గరిష్ఠ నొక్కుడు. నేను ఊహించిన దానికంటే ఎక్కువే ఉంది. చదును నేల మీద నిలబెట్టిన కారుని చూసి "బోలెడు గ్యాప్ ఉంది" అనేవాళ్లకి ఈ జిప్ టై చూపించాలి.

స్టీరింగ్ సంగతి

ఇలాంటి హాట్ హ్యాచ్‌లో (వేగంగా పోయే చిన్న హ్యాచ్‌బ్యాక్ కారులో) ముందు చక్రాలే లాగుతాయి, ముందు చక్రాలే తిరుగుతాయి. స్టీరింగ్ తిరిగే ఇరుసు రేఖ నేలని తాకే చోటుకీ టైరు నేలని తాకే మధ్యభాగానికీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కంపెనీవాళ్లు సస్పెన్షన్ డిజైన్ చేసేటప్పుడే ఇది ఎంత ఉండాలో తేల్చుకుని దానికి తగ్గ ఆఫ్‌సెట్ పెడతారు. ఆఫ్‌సెట్ తగ్గించిన ప్రతి మిల్లీమీటరూ టైరు మధ్యగీతని అంతే బయటికి తోస్తుంది. వెడల్పు ఎంతైనా సరే, ఈ విషయంలో లెక్కలోకి వచ్చేది ఈటీ ఒక్కటే. 49 నుంచి 45కి వస్తే నాలుగు. 35కి వస్తే పద్నాలుగు, దాంతో టర్బో తన్నినప్పుడు ఎడమకీ కుడికీ లాగడం, రోడ్డు మీది గాడుల్లో చక్రం తనంతట తాను పోవడం ఎక్కువవుతాయి, చక్రం బేరింగ్ మీద కూడా భారం పెరుగుతుంది. ఈటీ35 వేసిన ఒక కారు నడిపి చూశాను, సగం యాక్సిలరేటర్‌కే స్టీరింగ్ చేతుల్లో పెనుగులాడుతోంది. ఓనరు మాత్రం లుక్ కోసం సర్దుకుపోయాడు. ఎవరిష్టం వాళ్లది.

స్పేసర్లు వేసినా ఇదే లెక్క. ఈటీ50 రిమ్ముకి 5 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే అది ఈటీ45 అయినట్టే, కాకపోతే బోల్టులు అంత పొడవెక్కువ కావాలి, సన్నటి స్పేసర్ హబ్ మధ్య గట్టుని మింగేసి రిమ్ము కూర్చునే చోటు తగ్గించేస్తుంది. సరైన ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము దొరుకుతుంటే స్పేసర్ జోలికి ఎందుకు పోవాలి?

బ్రేకు టెంప్లేటు

సైజు, ఆఫ్‌సెట్ రెండూ ఒకటే అయిన రెండు రిమ్ముల్లో ఒకటి బ్రేకుకి తగలొచ్చు, ఇంకోటి తగలకపోవచ్చు. పుల్లలు మధ్య నుంచి బయటికి ఎలా వంపు తిరిగాయి అన్నది ఏ స్టిక్కరు మీదా ఉండదు. చదునైన పుల్లలున్న ఒక డిజైను నాకు చాలా నచ్చింది, కాలిపర్ (డిస్కుని నొక్కి పట్టుకునే బ్రేకు భాగం) మూతికి అది తగులుతుందని టెంప్లేటులో తేలిపోయింది.

టెంప్లేటు అంటే తయారీదారు ఇచ్చే బొమ్మ, దాన్ని అసలు సైజులో ప్రింటు తీసి అట్టకి అంటించి కత్తిరించి, హబ్ మీద ఆనించి కాలిపర్ చుట్టూ తిప్పాలి. ప్రింటరు దాన్ని పేజీకి సరిపెట్టడానికి కుదించేస్తుంది, అందుకే బొమ్మ మీద ఉన్న స్కేలు గీతని నిజం స్కేలుతో పోల్చి చూడటం తప్పనిసరి. కాలిపర్ నుంచి పుల్లకీ, రిమ్ము లోపలి గోడకీ కనీసం 3 మిల్లీమీటర్లైనా మిగలాలి. ప్యాడ్లు కొత్తగా ఉన్నప్పుడు ఒక రకంగా, అరిగాక ఇంకో రకంగా జరుగుతుంది కాలిపర్. ముద్దలా అంటించే బ్యాలెన్సింగ్ బరువుల మందం కూడా ఇందులోనే కలుపుకోవాలి. ఈ వాక్యం ఊరికే రాయలేదు, కింద చెబుతా.

ఎంచుకున్నది

18×8 ఈటీ45, ఫ్లో ఫార్మ్‌డ్. మామూలు పోత రిమ్ము మొత్తం అచ్చులో పోస్తారు. ఫ్లో ఫార్మింగ్‌లో ముఖం పోత పోసి, చుట్టూ ఉండే గోడని వేడి మీద తిప్పుతూ రోలర్లతో నొక్కి సాగదీస్తారు, దాంతో ఆ భాగం పలచబడి కూడా బలంగా ఉంటుంది. ఎన్కై అనే రిమ్ముల కంపెనీ వాళ్లు దీన్ని మ్యాట్ అని పిలుచుకుంటారు. ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా లోహపు దిమ్మని గట్టిగా నొక్కి మలిచినది) ఇంకా తేలిక, ఖరీదు కూడా దానికి తగ్గట్టే. రేస్ (Rays) అనే రిమ్ముల కంపెనీ వాళ్ల టీఈ37లో ఆ 37 అంకె 1996లో వచ్చిన 15 అంగుళాల రిమ్ము బరువు 3.7 కిలోల నుంచి వచ్చిందే, ఫోర్జింగ్‌తో ఎంత తగ్గించవచ్చో దాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. నేను తెచ్చుకున్నవి తొమ్మిది కిలోల చుట్టుపక్కల ఉన్నాయి, ఒక్కో మూలలో రెండున్నర కిలోలు తగ్గినట్టు. చాలు.

తేలిక ఒక్కటే చూసి కొంటే కుదరదు, భారం మోసే సామర్థ్యం కూడా చూడాలి. రిమ్ము వెనక అది కిలోల్లో రాసి ఉండాలి. కారు తలుపు దగ్గరి ప్లేటు మీద ఒక్కో యాక్సిల్‌కి అనుమతించిన బరువు ఉంటుంది, దాన్ని రెండుతో భాగిస్తే వచ్చే అంకె కంటే రిమ్ము అంకె ఎక్కువ ఉండాలి. అనుమతి 1,060 అనుకుంటే ఒక్కో రిమ్ముకి కనీసం 530. జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు ఉన్నాయా అని కూడా చూశాను. అవి జపాన్ ప్రమాణాలు. నకిలీ రిమ్ముల మీద కూడా జేడబ్ల్యూఎల్ పోత పోసి ఉండటం చూసినవాళ్లకి తెలుసు, గుర్తు ఉంటే చాలదు, ఎవరి దగ్గర కొంటున్నామన్నది కూడా ముఖ్యమే. టైరులోనూ ఇదే తిరకాసు ఉంది. 225/40 ఆర్18 మామూలు రకం లోడ్ ఇండెక్స్ 88, అంటే 560 కిలోలు. ఎక్కువ బరువు మోసే ఎక్స్‌ఎల్ రకం 92, అంటే 630. సైజు ఒకటే కదా అని చవకది తీసుకుంటే ఒక్కో మూలలో 70 కిలోలు పోగొట్టుకున్నట్టే. పాతవి 92, కొత్తవీ 92.

17 అంగుళాలకి దిగాలని కూడా కొన్నాళ్లు కొట్టుకున్నాను. 225/45 ఆర్17 ఎత్తు 634, దాదాపు అదే, టైరు గోడ ఎత్తు పెరిగి గుంతల్లో రిమ్ముకి రక్షణ. కానీ 340 డిస్కు మీద సరిపోయే డిజైన్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే, వాటిలో నచ్చినది లేదు. 19 గురించి ఆలోచించలేదు. 35 ప్రొఫైల్‌తో గుంతల రోడ్డు మీద టెన్షన్ పడుతూ నడపడం నా వల్ల కాదు.

బోల్టులు

డైరీలో ఇదే ఎక్కువ మందికి పనికొచ్చే భాగం అనుకుంటున్నా. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బంతిలో ముక్కలా. బయట దొరికే అల్లాయ్స్‌లో చాలావాటికి రంధ్రం 60 డిగ్రీల శంఖు ఆకారం. మర ఒకటే, ఎం14×1.5, కాబట్టి కంపెనీ బోల్టు అందులో దూరుతుంది, బిగుస్తుంది, చేతికి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అమ్మినవాళ్లు కూడా అదే అన్నారు, పాత బోల్టులే సరిపోతాయని.

పాత బోల్టు తల కింద మార్కర్‌తో నల్లగా పూసి, కొత్త రిమ్ములో చేత్తో బిగించి, విప్పి చూశాను. నలుపు చెరిగింది వెంట్రుక మందం గీతలా, ఒక్క గుండ్రపు గీత అంతే. శంఖు తల ఉన్న బోల్టుతో అదే పని చేస్తే నలుపు వెడల్పాటి పట్టీలా మొత్తం చెరిగింది. టార్క్ రెంచి రెండిటికీ ఒకే అంకె చూపిస్తుంది, కానీ మొదటిదాంట్లో ఆ బలమంతా ఒక గీత మీద పడి అల్యూమినియం నలుగుతుంది, నలిగాక వదులవుతుంది. ఒక షాపు కౌంటర్ మీద అదే మార్కర్ పరీక్ష చేసి చూపించాక అక్కడి మెకానిక్ తన యజమానిని పిలిచి చూపించాడు, ఆయన ఏమీ మాట్లాడలేదు.

పొడవు కూడా చూసుకోవాలి. కంపెనీ బోల్టు మర భాగం 27 మిల్లీమీటర్లు. శంఖు బోల్టుల పొడవు కొలిచే చోటు వేరు, రిమ్ము పాదం (హబ్‌కి ఆనుకునే భాగం) మందం వేరు, అంకె చూసి ఒకటే అనుకోకూడదు. చక్రం పెట్టి, బోల్టు చేత్తో తిప్పుతూ ఆగేదాకా చుట్లు లెక్కపెట్టాలి. ఎం14 బోల్టుకి కనీసం దాని వ్యాసమంత, అంటే 14 మిల్లీమీటర్ల మర లోపల పట్టాలన్న లెక్కన తొమ్మిది చుట్ల పైనే రావాలి. మరీ పొడవైతే హబ్ వెనక దేనికైనా తగలొచ్చు, అందుకని అన్ని బోల్టులూ పెట్టి చక్రం చేత్తో తిప్పి చూడాలి.

హబ్ రింగులు: కొత్త రిమ్ముల మధ్య రంధ్రం 66.6, నా హబ్ 57.1. 5×112లో మెర్సిడెస్‌కి 66.6 కావాలి కాబట్టి తయారీదారులు అందరికీ సరిపోయేలా పెద్దగా తొలిచి, చిన్న హబ్‌లకి రింగు ఇస్తారు. రింగు కారు బరువు మోయదు, బోల్టులు బిగించేదాకా రిమ్ముని సరిగ్గా మధ్యలో నిలబెడుతుంది. అది లేకుండా బిగిస్తే రిమ్ము కొద్దిగా పక్కకి కూర్చుంటుంది, బ్యాలెన్సింగ్ మిషను మీద సున్నా చూపించిన చక్రం 90 దాటగానే వణుకుతుంది. ప్లాస్టిక్ రింగులు వచ్చాయి, అల్యూమినియంవి తెప్పించుకున్నాను. ప్లాస్టిక్‌వి కూడా పనిచేస్తాయి, కానీ గట్టిగా బ్రేకులు వాడితే వేడికి మెత్తబడతాయి. అల్యూమినియం రింగుకి తుప్పు పట్టి అతుక్కోకుండా పలచగా గ్రీజు రాయాలి, బోల్టు మరలకి మాత్రం రాయకూడదు.

బిగింపు

టైరు ఎక్కించక ముందే ఉత్త రిమ్ముని నాలుగు మూలల్లోనూ పెట్టి చూశాను. టైరు ఎక్కించాక రిమ్ము వెనక్కి తీసుకునే అమ్మకందారు ఉండడు. పెట్టి, తిప్పి, కాలిపర్ దగ్గర ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకులు) దూర్చి చూస్తే ఇరుకైన చోట నాలుగు మిల్లీమీటర్లకి పైనే ఉంది. తృప్తిగా టైర్ల షాపుకి పంపాను.

వాళ్లు టైర్లు ఎక్కించి బ్యాలెన్సింగ్ చేసి ఇచ్చారు. చక్రాలు బిగించి కారు కదిలిస్తే ముందు కుడివైపు నుంచి టిక్ టిక్ టిక్, వేగంతో పాటు పెరిగే చప్పుడు. విప్పితే కాలిపర్ మీద తాజా గీత. అంటించే బరువులు రిమ్ము లోపల సరిగ్గా కాలిపర్ ఎదురుగా పెట్టారు, అవి కూడా ఒకదాని మీద ఒకటి రెండు వరసలు. ఎక్కడ అంటించకూడదో రిమ్ము లోపల మార్కర్‌తో రాసి మరీ ఇచ్చాను, శుభ్రం చేసేటప్పుడు దాన్ని కూడా తుడిచేశారట! వెనక్కి తీసుకెళ్తే మారు మాట్లాడకుండా తీసి, పుల్లల వెనక దాగే చోట ఒక వరసగా అంటించారు. చప్పుడు పోయింది.

బోల్టులు నక్షత్రం వరసలో, ఒకదాని పక్కది కాకుండా ఒకటి వదిలి ఒకటి, ముందు చేత్తో, తర్వాత జాకీ మీదే సగం బిగింపు, కారు దించాక నా మాన్యువల్ చెప్పిన 120 న్యూటన్ మీటర్లు. గాలి గన్నుతో బిగించనివ్వలేదు. కొంత దూరం తిరిగాక మళ్లీ రెంచి పెట్టి చూస్తే ఒక చక్రంలో రెండు బోల్టులు కొద్దిగా తిరిగాయి, మిగతావి కదల్లేదు. కొత్త రిమ్ముల రంగు పూత బోల్టు కింద నలిగి సర్దుకుంటుంది కాబట్టి మొదటి వంద కిలోమీటర్ల లోపు ఈ చెకింగ్ మానకూడదు. ఈ కారు టైరు గాలిని ఏబీఎస్ సెన్సర్ల తిరుగుడు బట్టి లెక్కేస్తుంది కాబట్టి వాల్వ్ సెన్సర్ల ఖర్చు లేదు, మెనూలో రీసెట్ చేస్తే సరిపోయింది.

రాసుకోవడం చూడటానికి టైర్ల భుజాల మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి, మనుషుల్నీ సామానునీ ఎక్కించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకీ వెనక్కీ, తర్వాత స్పీడ్ బ్రేకర్ మీద ఒక పక్క చక్రం ఎక్కించి తిప్పాను. గీతలు చెక్కుచెదరలేదు, ఫెండర్ లోపలి ప్లాస్టిక్ మీద తెల్లటి మరక లేదు.

ఇప్పటి పరిస్థితి

వణుకు పూర్తిగా పోయింది. యాక్సిలరేషన్‌లో తేడా తెలుస్తోందని చెప్పను, రెండున్నర కిలోలకి అంత సీను లేదు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద ముందు చక్రాలు త్వరగా సర్దుకుంటున్నాయి, అది మాత్రం నిజంగా తెలుస్తోంది. స్టీరింగ్ మధ్యలో బరువు ఒక పిసరు పెరిగినట్టుంది, ఫుల్ థ్రాటిల్‌లో లాగడం మాత్రం ముందున్నంతే. పక్క నుంచి చూస్తే ఫెండర్‌కి దగ్గరగా, నిండుగా ఉంది. కంపెనీ వేసిచ్చినవేనా అని ఒకరు అడిగారు, నాకు అది మెచ్చుకోలే.

మిగిలిన పనులు: అలైన్‌మెంట్ ఒకసారి చూపించాలి, ఆఫ్‌సెట్ వల్ల కోణాలు మారవు కానీ పాత రిమ్ము వంగేంత గుంతలో పడిన కారు అది. పాత శంఖు తల లేని బోల్టులు పారేయకుండా స్పేర్ చక్రంతో పాటు డిక్కీలో కట్టి పెట్టాను, స్పేర్ కంపెనీదే కాబట్టి దానికి గుండ్రటి తల బోల్టులే కావాలి. ఆ సంచీ మీద పెద్ద అక్షరాలతో "స్పేర్‌కి మాత్రమే" అని రాశాను. ఈ టైర్లు అరిగాక ఇదే రిమ్ము మీద 235/40 వేయాలా అన్నది అప్పుడు చూడాలి, 8 అంగుళాల రిమ్ము దానికి అనుమతించిన హద్దుల్లో అన్నిటికన్నా సన్నది, క్లే ముద్ద మళ్లీ బయటికి తీయాల్సిందే.